బొమ్మ చూడకుండా సీటిచ్చిన కాలేజీలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికతో వచ్చిన చదువుల అనుబంధంలో నాలుగో పేజీని మా తమ్ముడు తెనాలి నుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. పేజీలో పైసగం ఒక వ్యాసం. అమెరికాలో లక్షలమంది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో ఆర్ట్ డిగ్రీలు చేసి స్థిరపడ్డారని దాని సారాంశం. కిందిసగం ఒక ప్రకటన. అలాంటి డిగ్రీయే ఇప్పుడు మన ఊళ్ళకీ వచ్చిందని. రెండింటికీ మధ్య సన్నటి గీత ఒకటి ఉంది, ఫొటోని పెద్దది చేస్తే గానీ కనపడలేదు. ఫొటో కింద మా తమ్ముడి ప్రశ్న: "అక్కా, నువ్వు అక్కడ ఇలాంటి కాలేజీలోనే పాఠాలు చెప్పావు కదా. పిల్లని చేర్పించమంటావా?"

పిల్లంటే నా మేనకోడలు. ఇంటర్ అయింది. ఇంజనీరింగ్ చదవనని తెగేసి చెప్పింది, బొమ్మలే వేస్తానంటుంది. తమ్ముడికి చెప్పాల్సింది ఫోన్లో చెప్పాను. కానీ ఆ పేజీ చూసి అమెరికాలో అక్క లేక ఆగిపోయిన తమ్ముళ్ళు ఇంకా ఉంటారు కదా, అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోడు కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

మా నాన్న తెనాలిలో బోర్డు ఆర్టిస్టు. సినిమా బ్యానర్లు, షాపుల బోర్డులు, ఎలక్షన్లు వస్తే గోడ రాతలు. గుడ్డ మీద సుద్దదారంతో గళ్ళు కొట్టి, ఎడమచేతిలో పోస్టుకార్డంత స్టిల్లు పట్టుకుని, ఇరవై అడుగుల హీరోని దించేవాడు. తను చదివింది ఎనిమిదో తరగతి. నన్ను మాత్రం "చెయ్యి ఒక్కటే చాలదమ్మా, కాయితం కూడా ఉండాలి" అని డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రాయించి, 1996లో హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఎంట్రన్సుకి తీసుకెళ్ళాడు. డ్రాయింగ్ బోర్డు ఎవరైనా తొక్కుతారేమోనని రైల్లో రాత్రంతా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాం.

పొద్దున హాల్లో ఎదురుగా ఒక కుండ, ఒక గుడ్డ, రెండు వంకాయలు పెట్టి గియ్యమన్నారు. మెమరీ డ్రాయింగ్ వేరే. నా ముందు కూర్చున్న కుర్రాడి గీత చూసి నాకు ఏడుపొచ్చింది, వంకాయ తొడిమ దగ్గర ముల్లు కూడా గుచ్చుకునేలా వేశాడు. అతనికి సీటొచ్చింది. నాకూ వచ్చింది. ఆ హాల్లో చాలామందికి రాలేదు. సీటు రానివాళ్ళకి కూడా ఆ కాలేజీ ఒక మేలు చేసిందని నాకు పన్నెండేళ్ళ తర్వాత గానీ తట్టలేదు. వాళ్ళ చేత అప్పు చేయించకుండా ఇంటికి పంపించింది.

తర్వాత సెంట్రల్ యూనివర్సిటీలో ప్రింట్ మేకింగ్‌లో ఎం.ఎఫ్.ఏ., పెళ్ళి, 2004లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్. మొదటి మూడేళ్ళూ హెచ్-4 వీసా మీద ఇంట్లోనే, భార్యగా వచ్చినవాళ్ళకిచ్చే ఆ వీసా మీద అప్పట్లో ఉద్యోగం చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. 2007 జూలైలో వీసా బులెటిన్, అంటే గ్రీన్‌కార్డుల వరస, ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు పరుగులు పెట్టి కాయితాలు పెట్టుకున్న వేల తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. అలా పని చేసుకోవడానికి ఈఏడీ కార్డు చేతికొచ్చింది. 2008లో లాభాలకోసం నడిచే ఒక ఆన్‌లైన్ ఆర్ట్ కాలేజీలో పార్ట్‌టైమ్ టీచరుగా చేరాను. దాని పేరు రాయను. కింద నేను పేరు పెట్టి రాయబోయే పెద్ద సంస్థ మాత్రం అది కాదు.

ఇంటర్వ్యూ ఫోన్లో అయింది, ఇరవై నిమిషాలు. మార్కుల లిస్టులు అడిగారు, నా డిగ్రీ అమెరికా డిగ్రీకి సమానమని సర్టిఫికెట్ అడిగారు, ఇంట్లో ఇంటర్నెట్ స్పీడు ఎంతని అడిగారు. నా బొమ్మ ఒక్కటి కూడా అడగలేదు. నా బొమ్మలన్నీ ఎక్కించి పోర్ట్‌ఫోలియో సీడీ తయారుచేసుకుని పక్కనే పెట్టుకున్నాను, "పంపమంటారా?" అన్నాను కూడా. "అవసరం లేదు" అన్నారు. పోనీలే, నాకు తేలికైంది అనుకున్నాను. విద్యార్థుల్ని కూడా అలాగే తీసుకుంటారని చేరాక తెలిసింది. పన్నెండో తరగతి పాసై, ప్రభుత్వ లోనుకి అర్హత ఉంటే చాలు.

నాకిచ్చింది డ్రాయింగ్ ప్రాథమిక పాఠాలు. ఆరు వారాల కోర్సు, పాతిక మంది. పాఠాలు ఎవరో రాసిపెట్టేశారు, అక్షరం మార్చడానికి లేదు. నా పని దిద్దడం, మార్కులు వెయ్యడం, చర్చా పేజీలో వారానికి ఐదు రోజులు కనపడటం. విద్యార్థులు ఒక్కొక్కరూ ఇద్దరు తోటివాళ్ళ బొమ్మల కింద ఏదో ఒకటి రాయాలి, దానికి మార్కులుంటాయి. "చాలా బాగుంది, నీ షేడింగ్ నాకు నచ్చింది." పాతిక మంది, వారానికి యాభై సార్లు ఇదే మాట. షేడింగ్ అసలు లేని బొమ్మ కింద కూడా ఉండేది.

ఆన్‌లైన్లో బొమ్మ నేర్పలేమని నేను అనను. కొంత నేర్పొచ్చు, నేర్పాను కూడా. కానీ ఆ రోజుల్లో బొగ్గుతో వేసిన బొమ్మని వాళ్ళు ఫోనుతో ఫొటో తీసి పంపేవాళ్ళు, రాత్రిపూట, ఫ్లాష్ వేసి. ఫ్లాష్ పడితే నలుపంతా బూడిదరంగైపోతుంది, కాయితం నడుమ తెల్లటి మచ్చ మెరుస్తుంది. నీడ తేలిపోయిందని రాయబోయి ఆగిపోయేదాన్ని. తేలిపోయింది వాళ్ళ చేతిలోనా, ఫోనులోనా? అందుకని నా మొదటి పాఠం బొగ్గు గురించి కాదు, కిటికీ గురించి ఉండేది. ఫ్లాష్ తీసెయ్యండి, పొద్దున పూట బొమ్మని కిటికీ పక్కన ఆనించండి, ఫోనుని కాయితానికి సమంగా పట్టుకోండి. పాఠాలు రాసిపెట్టినవాళ్ళకి ఈ సంగతి తోచలేదు. నేను దాన్ని విడిగా మెయిల్లో పంపేదాన్ని.

ఇక ఫోన్ల లిస్టు. కోర్సు సగం దాటే వేళకి మాకు ఒక పట్టిక వచ్చేది. నాలుగైదు రోజులుగా లాగిన్ అవని వాళ్ళ పేర్లు, నంబర్లు. వాళ్ళకి ఫోన్ చేసి ఏదో ఒక బొమ్మ, అరకొర అయినా సరే, పెట్టించమని. పిల్లల మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను, మొదటి ఏడాదంతా అలాగే అనుకున్నాను. అసలు సంగతి నాతో పాటు చెప్పే ఒకావిడ చెప్పింది. ఫెడరల్, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వపు, నిబంధన ప్రకారం విద్యార్థి టర్మ్‌లో 60 శాతం పూర్తికాకుండా మానేస్తే, ఆ లెక్కన ప్రభుత్వ సాయంలో కొంత వెనక్కి కట్టాలి. 60 శాతం దాటాక మానేస్తే మొత్తం కాలేజీదే. మా పట్టిక సరిగ్గా ఆ గీతకి ముందే వచ్చేది. గీత దాటాక అదే పిల్ల వారం రోజులు కనపడకపోయినా పట్టిక వచ్చేది కాదు.

తెలిశాక మానేశానా? లేదు. ఇంకా మూడేళ్ళు చేశాను. మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నదాన్ని, నెలనెలా నా పేరు మీద చెక్కు వస్తుంటే వదులుకోబుద్ధి కాలేదు. ఫెయిల్ చెయ్యాల్సిన వాళ్ళని సి గ్రేడ్‌తో దాటించాను, ఒకరినో ఇద్దరినో కాదు. ఈ ఉత్తరంలో కాలేజీల మీద రాసిందంతా నా మీద కూడా రాసుకున్నట్టే లెక్క.

ఆ ఐదేళ్ళలో నాకు బాగా గుర్తున్నది ఒకావిడ. ఓక్లహోమాలో వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ, ఇద్దరు చిన్నపిల్లలు. సొంత ఎడమచెయ్యి గియ్యమని అందరికీ ఇచ్చే పాఠమే ఆమెకీ ఇచ్చాను. అందరూ చెయ్యి బల్ల మీద పెట్టి గీశారు. ఆమె రబ్బరు గ్లవ్ సగం ఊడదీసిన చెయ్యి గీసింది. వేళ్ళ దగ్గర గ్లవ్ వదులై వేలాడుతోంది, మణికట్టు దగ్గర ముడతలు పడి చర్మానికి అతుక్కుపోయింది. ఆ రెండు రకాల ముడతలకీ తేడా పెన్సిల్ ఒత్తిడితోనే తెచ్చింది. తెచ్చింది సరే, అంత కష్టమైన వస్తువుని ఎంచుకోవడానికే కన్నుండాలి. మా నాన్న చూస్తే "ఈ చెయ్యి ఎవరిదే" అని అడిగి ఉండేవాడు.

ఆమెకి ఫోన్ చేసి బాగుందని చెప్పాను. పట్టికలో పేరున్నందుకు కాదు, నాకే చెయ్యాలనిపించి. ఆమె కాసేపు ఊరుకుని, "నిజం చెప్పండి, ఇది నాకు పనికొస్తుందా?" అంది. వస్తుందన్నాను. బొమ్మ పనికొస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆవిడ అడిగింది డిగ్రీ గురించని నాకు తెలుసు.

రెండేళ్ళ తర్వాత మెయిల్ రాసింది. డబ్బు సరిపోక మానేసి, వాళ్ళ ఊరి దగ్గర ప్రభుత్వ కాలేజీలో మిగతాది పూర్తి చేద్దామని వెళ్తే, మా కాలేజీలో చేసిన కోర్సుల్లో రెండే లెక్కలోకి తీసుకుంటామన్నారట. అప్పటికి అప్పు 58 వేల డాలర్లు. సిఫారసు ఉత్తరం కావాలంది. రాసిచ్చాను. ఈ దేశంలో చదువు అప్పుకి దివాలా కోర్టులో కూడా అంత తేలిగ్గా విముక్తి దొరకదని అప్పటికే నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనుకుంటా. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

ఇదంతా ఒక చిన్న కాలేజీ కథ. పెద్దదాని కథ సెనేట్ నివేదికల్లో, కోర్టు కాయితాల్లో నమోదై ఉంది. మీ వ్యాసం రాసినవారు చూసి ఉండాల్సింది అదే.

మనవాళ్ళకి పిట్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి. ఆ ఊళ్ళోనే 1921లో ఒక ఆర్ట్ స్కూలు పుట్టింది, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పిట్స్‌బర్గ్. పత్రికలకి, ప్రకటనలకి బొమ్మలు వేసేవాళ్ళని తయారుచేసే మామూలు స్కూలు. 1970లో ఎడ్యుకేషన్ మేనేజ్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది. తర్వాత ఊరూరా అదే పేరుతో శాఖలు తెరుచుకుంటూ వెళ్ళింది. 2000 ప్రాంతంలో ఆన్‌లైన్ విభాగం మొదలైంది. 2006లో గోల్డ్‌మన్ శాక్స్, ఇంకొన్ని పెట్టుబడి సంస్థలు కలిసి ఆ కంపెనీని 340 కోట్ల డాలర్లకి కొన్నాయి. బ్యాంకులవాళ్ళకి బొమ్మల స్కూలు ఎందుకని అప్పట్లో ఎవరైనా అడిగారో లేదో.

వాళ్ళు కొన్న ఏడాదిలోనే ఇంకొకటి జరిగింది. అంతకుముందు 1992 నుంచి ఒక నిబంధన ఉండేది. సగానికి మించి కోర్సులు దూరవిద్యలో నడిపే కాలేజీకి ఫెడరల్ సాయం లేదు. ఉత్తరాల ద్వారా డిగ్రీలు అమ్ముకునే దుకాణాల్ని చూసి పెట్టిన నిబంధన అది. 2006లో దాన్ని ఎత్తేశారు. ఇక భవనం అక్కర్లేదు, మోడల్ అక్కర్లేదు, కుండా వంకాయలూ అక్కర్లేదు. రెండేళ్ళకి ఆర్థిక మాంద్యం వచ్చి లక్షల ఉద్యోగాలు పోయాయి. టీవీలో అర్ధరాత్రి ప్రకటనలు చూసేవాళ్ళు బాగా పెరిగారు. 2010 వచ్చేసరికి ఆ కంపెనీ కాలేజీలన్నిట్లో కలిపి విద్యార్థులు లక్షన్నర దాటారు.

డబ్బు వచ్చే దారి చెప్తేగానీ ఇది అర్థం కాదు. విద్యార్థి సంతకం పెడితే ప్రభుత్వం లోను ఇస్తుంది, అది కాలేజీకి చేరుతుంది, తీర్చాల్సింది విద్యార్థి. లాభాలకోసం నడిచే కాలేజీ తన ఆదాయంలో 90 శాతం దాకా ఇలాంటి ఫెడరల్ సాయం నుంచే తీసుకోవచ్చు, మిగతా 10 శాతం మాత్రం బయటినుంచి తెచ్చుకోవాలి. అందులో చిన్న కిటుకు ఉండేది. మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బుని ఆ 10 శాతంలో లెక్కేసుకోవచ్చు. ఒక్క సైనికుణ్ణి చేర్చుకుంటే అతని డాలరు వెనకాల ఇంకో తొమ్మిది లోను డాలర్లకి చోటు దొరుకుతుంది. అందుకే సైనిక స్థావరాల చుట్టూ ఈ కాలేజీల మనుషులు అంతగా తిరిగారు. 2021లో చట్టం మార్చారు, అది అమల్లోకి వచ్చిన 2023 దాకా ఆ కిటుకు నడిచింది.

చేర్పించేవాళ్ళకి తలకింతని కమీషన్ ఇవ్వకూడదని 1992 నుంచీ చట్టం ఉంది. ఆ కంపెనీ సరిగ్గా అదే చేసిందని 2011 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది. 2003 నుంచి వాళ్ళకి చేరిన ప్రభుత్వ సాయం 1,100 కోట్ల డాలర్ల పైమాట అని అందులో రాసింది. 2015 నవంబరులో తప్పు ఒప్పుకోకుండానే 9.55 కోట్ల డాలర్లు కట్టి కంపెనీ రాజీ పడింది. అదే రోజుల్లో 39 రాష్ట్రాలతో ఇంకో ఒప్పందం చేసుకుని, సుమారు 80 వేలమంది పాత విద్యార్థులు తనకి బాకీ ఉన్న 10 కోట్ల డాలర్ల పైచిలుకు వదులుకుంది. పక్కన 1,100 కోట్లు పెట్టుకుని చదవండి.

2012 జూలైలో సెనేట్ కమిటీ ఇలాంటి 30 కంపెనీల లెక్కలు తీసి నివేదిక ఇచ్చింది. వచ్చిన ఆదాయంలో ప్రచారానికి, చేర్పించడానికి పెట్టింది 22.7 శాతం. చదువు చెప్పడానికి పెట్టింది 17.2 శాతం. విద్యార్థుల్ని చేర్పించడానికి పెట్టుకున్న ఉద్యోగులు 35 వేల పైన, చదువయ్యాక ఉద్యోగం వెతకడంలో సాయపడేవాళ్ళు 3,500. ఈ రెండో లెక్క నేను ప్రింటు తీసి చాలాకాలం ఫ్రిజ్‌కి అంటించుకున్నాను. మావారు విసుక్కునేవారు, పాల లిస్టు రాసుకోవడానికి చోటు లేదని.

కూలడం కూడా ఒక్క దెబ్బతో కాలేదు. పేరు పాడైంది. ఉద్యోగాలు కాస్త తిరిగొచ్చాక జనం కాలేజీలు మానేశారు. ప్రభుత్వ యూనివర్సిటీలు కూడా ఆన్‌లైన్లోకి దిగాయి, తక్కువ ఫీజుకి. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది, యూట్యూబ్‌లో ఓపికున్నవాడికి పాఠాలే పాఠాలు. స్టూడియోలవాళ్ళు డిగ్రీ కాయితం అడగరు, మనం చేసిన పని చూపించే చిన్న వీడియో, డెమో రీలు, చూస్తారు. నేను పనిచేసిన చోట 2013లో ఒకరోజు మెయిల్ వచ్చింది, ఈ టర్మ్‌కి మీకు సెక్షన్ లేదని. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. కొన్నేళ్ళకి ఆ కాలేజీయే లేదు.

ఆ ఏడాదే ఇంకో సంగతి. మా విద్యార్థుల్లో సగం మంది కల విజువల్ ఎఫెక్ట్స్. 2013 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గరున్న రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో దివాలా తీసింది. పడవలో పులి ఉన్న సినిమా "లైఫ్ ఆఫ్ పై"కి ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకోవడానికి సరిగ్గా కొన్ని రోజుల ముందు. వాళ్ళకి హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది, ఆ సినిమా పనిలో కొంత అక్కడే జరిగింది. మాసాబ్ ట్యాంక్‌లో నాతో చదివినవాళ్ళు ఇద్దరు ఈ రంగంలోనే ఉన్నారు, రోటో పని, అంటే ఫ్రేము ఫ్రేముకీ మనిషి అంచు గీసి విడదీయడం. ఓక్లహోమాలో ఒకరు ఏ పనికోసం 58 వేల డాలర్ల అప్పు చేశారో ఆ పని అప్పటికే హైదరాబాద్‌కో వాంకూవర్‌కో తరలిపోతోంది. కాలేజీ బ్రోషర్లలో మాత్రం హాలీవుడ్ కొండ బొమ్మే ఉండేది.

పెద్ద సంస్థ చివరి అంకం చూడండి. 2017లో ఆ కాలేజీల్ని లాస్ ఏంజెలెస్‌కి చెందిన డ్రీమ్ సెంటర్ అనే క్రైస్తవ ధర్మసంస్థకి అమ్మేశారు. ధర్మసంస్థకి కాలేజీలు నడిపిన అనుభవం లేదు. 2018 జనవరిలో ఇలినాయ్, కొలరాడో శాఖలకి గుర్తింపు పోయింది. ఆ మాట విద్యార్థులకి నెలల తరబడి చెప్పలేదు, గుర్తింపు లేని తరగతులకి వాళ్ళు ఫీజులు కడుతూ పోయారు. 2019 జనవరిలో సంస్థ కోర్టు నియమించిన రిసీవరు చేతిలోకి వెళ్ళింది. మార్చి 8న పిట్స్‌బర్గ్ స్కూలు మూతపడింది, 98 ఏళ్ళ స్కూలు. వేరే చేతుల్లోకి వెళ్ళి మిగిలిన ఎనిమిది శాఖలు 2023 సెప్టెంబరు 30న ఒకేసారి మూసేశారు. విద్యార్థులకి పదిరోజుల వ్యవధి కూడా ఇవ్వలేదు.

2024 మే 1న అమెరికా ప్రభుత్వం ఆ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్లలో 2004 జనవరి నుంచి 2017 అక్టోబరు మధ్య చదివిన 3 లక్షల 17 వేలమంది అప్పు రద్దు చేసింది. మొత్తం 610 కోట్ల డాలర్లు. మీ వ్యాసంలోని "స్థిరపడిన లక్షలమంది" ఎక్కడున్నారని వెతికితే, నాకు కనపడిన లక్షలు ఇవే. ఆ డబ్బు చివరికి పన్ను కట్టేవాళ్ళ నెత్తినే. అందులో నేనూ ఉన్నాను. నాకు ఒకప్పుడు జీతంగా వచ్చిందీ ఇలాంటి లోను డబ్బే కాబట్టి నేను పెద్దగా ఫిర్యాదు చెయ్యలేను.

ఒకవైపే చెప్పానని అనుకోకండి. లాభం చూసుకోని ఆర్ట్ కాలేజీలు కూడా మూతపడుతున్నాయి. 1871లో పుట్టిన శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2022లో తరగతులు ఆపేసింది. ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 జూన్‌లో వారం రోజుల నోటీసుతో తలుపులు వేసేసింది. లాభాలకోసం నడిచేవాటిలో అకాడమీ ఆఫ్ ఆర్ట్ యూనివర్సిటీ ఇంకా నడుస్తోంది, కానీ పదిహేనేళ్ళ కిందట ఉన్న విద్యార్థుల్లో సగం మంది కూడా ఇప్పుడు లేరు. ఈ సంస్థల్లో మంచి టీచర్లుండేవాళ్ళు, నిజంగా నేర్చుకుని పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఓక్లహోమా ఆవిడ గ్లవ్ బొమ్మ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆమెకి చెయ్యి తిరగడంలో ఆ ఆరు వారాల వాటా కొంత ఉంటే ఉండొచ్చు. ఆ ఆరు వారాల ధర ఎంత అన్నదే నా ప్రశ్న.

ఇక మీ పేజీలోని ప్రకటన. దాన్ని నేను పెద్దది చేసి అక్షరం అక్షరం చదివాను. "పోర్ట్‌ఫోలియో అవసరం లేదు" అని పెద్దక్షరాల్లో ఉంది, అదేదో వరమన్నట్టు. "100 శాతం ప్లేస్‌మెంట్ సహాయం" అని ఉంది. చదివేవాళ్ళు చివరి మాట వదిలేసి చదువుతారని రాసినవాళ్ళకి తెలుసు. "సులభ వాయిదాలు" అని ఉంది, పక్కన చుక్క, కింద చీమంత అక్షరాల్లో భాగస్వామి ఫైనాన్స్ సంస్థ ద్వారా అని. ఇలాంటి ఏర్పాట్లలో మామూలుగా ఫీజు మొత్తం కాలేజీకి మొదట్లోనే ముట్టిపోతుంది, మనం కట్టేది ఫైనాన్స్‌వాళ్ళకి. పిల్ల మూడో నెలలో మానేసినా వాయిదా మానదు. మా తమ్ముడికి నేను చెప్పిందల్లా ఫోన్ చేసి రెండు ముక్కలు అడగమని. ఒకటి, మా అమ్మాయి బొమ్మలు పంపుతాం, చూసి పనికిరాదనిపిస్తే వద్దని చెప్తారా? రెండు, మూడో నెలలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు? మొదటిదానికి "అందరికీ అవకాశం ఇస్తాం సార్" అన్నారట. రెండోదానికి సీనియర్ కౌన్సెలర్ చేత ఫోన్ చేయిస్తామన్నారు. ఆ రోజు నుంచి ఇవ్వాళ్టిదాకా పదకొండు ఫోన్లు వచ్చాయి, రెండో ప్రశ్నకి జవాబు మాత్రం రాలేదు.

డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్లో జాబితా ఉంటుంది, సెల్‌ఫోన్లోనే చూసుకోవచ్చు. ఆన్‌లైన్ చదువులమ్మే ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు నడపకూడదని యూజీసీ 2022 జనవరిలోనే హెచ్చరించింది. ఆ సంగతి మీ వ్యాసంలో ఒక వాక్యంగానైనా ఉండాల్సింది.

మిమ్మల్ని నేను కోరేది రెండు. అలాంటి వ్యాసం డబ్బు తీసుకుని వేసినదైతే, పైన "ప్రకటన" అని తలకట్టు అంత సైజులో వెయ్యండి, సన్నటి గీత చాలదు. మీవాళ్ళే రాసిందైతే, పైన చెప్పిన లెక్కలతో అదే పేజీలో సవరణ వెయ్యండి. మా నాన్న బోర్డులు రాసేటప్పుడు యజమాని ఎంత బతిమాలినా "స్వచ్ఛమైన నెయ్యి" అన్న మాటలో "స్వచ్ఛమైన" చిన్నదిగా, "నెయ్యి" పెద్దదిగా రాసేవాడు. మొదటిది నీ మాట, రెండోది నా పని అనేవాడు. బేరాలు పోయేవి కూడా.

మేనకోడలికి ఈ ఏడాది నేను పెట్టిన పని, రోజుకో బొమ్మ వేసి పంపడం. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాస్తుంది, వస్తే వస్తుంది. మొన్న మొదటిది పంపింది, స్టీలు చెంబు, దాని పక్కన సగం కోసిన నిమ్మకాయ. ఫొటో నడుమ పెద్ద తెల్లమచ్చ. ఫ్లాష్ తీసేసి, కిటికీ దగ్గర పెట్టి మళ్ళీ తియ్యమని మెసేజ్ పెట్టాను.

"ఇక్కడ రాత్రి పదకొండైంది అత్తా, కిటికీలో వెలుతురెక్కడిది?" అని రాసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు
కొలంబస్, ఒహాయో
(పేరు ప్రచురించవద్దని మనవి)